గుడ్లగూబ వేటాడే ఫోటో ఒక్కటైనా కావాలి, మూడు వారాలుగా వీపు ఫోటోలే వస్తున్నాయి. బెంగళూరు వాళ్ళు ఎవరైనా చెప్పండి

తెనాలి_మధు
డిసెంబర్ 15, రాత్రి 11:10

అందరికీ నమస్తే. నేను మారతహళ్ళిలో ఉంటా, సొంతూరు తెనాలి దగ్గర. పక్షుల ఫోటోలు రెండేళ్ళుగా తీస్తున్నా, ఇన్నాళ్ళూ చెరువుల దగ్గర కొంగలు, బాతులు, లకుముకి పిట్టలతోనే సరిపోయింది. ఈ నవంబర్‌లో హారియర్ల (గడ్డి మీద తక్కువ ఎత్తులో ఎగిరే గద్ద జాతి పిట్టలు) కోసం హెసరఘట్ట గడ్డి మైదానానికి వెళ్తే సాయంత్రం ఐదున్నరకి ఒక పెద్ద పిట్ట గడ్డి మీద తేలిపోతూ వచ్చింది, ముందు హారియరే అనుకున్నా, ఇటు తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉంది, పసుపు కళ్ళు, వాటి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే షార్ట్ ఇయర్డ్ ఔల్ అని తెలిసింది, చలికాలానికి ఉత్తరాది నుంచి వస్తుందట. ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేదు నాకు.

తర్వాత మూడు ఆదివారాలు వరసగా వెళ్ళా. పగలు అది గడ్డిలో నేల మీదే పడుకుంటుంది కదా, ఎక్కడుందో కనపడదు, మనం నడుస్తుంటే ఒక్కసారిగా కాళ్ళ ముందు నుంచి లేస్తుంది. లేచిన ప్రతిసారీ బర్స్ట్ (ఆగకుండా వరస ఫోటోలు) కొట్టా. మొత్తం 1,400 ఫ్రేములు, దాదాపు అన్నీ వీపే, ఓ నాలుగైదింట్లో మొహం కనిపిస్తుంది కానీ నా వైపు చూస్తూ ఎగిరిపోతోంది. నాకు కావాల్సింది అది కాదండీ, కింద ఎలుకని కనిపెట్టి రెక్కలు పైకెత్తి కాళ్ళు చాపి గడ్డిలోకి దిగుతుంది చూడండి, ఆ ఒక్క క్షణం.

ఇంకో విషయం కూడా చెప్పాలి, దాచి అడిగితే లాభం లేదు. పోయిన ఆదివారం మూడోసారి లేపినప్పుడు కాకులు చూసేశాయి. ఏడెనిమిది కాకులు, వాటితో ఒక గద్ద, అరుచుకుంటూ దాని వెంట పడి అటు నీలగిరి చెట్ల దాకా తరిమేశాయి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నా, అది మళ్ళీ మైదానంలోకి రాలేదు. ఆ పూట దానికి తిండి దొరికిందో లేదో. కార్లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేకపోయా.

కెమెరా సోనీ ఏ7 ఫోర్, లెన్స్ 200-600. షటర్ 1/2500 సెకను, ఐఎస్‌ఓ (వెలుతురు తగ్గేకొద్దీ పెంచాల్సిన సెన్సిటివిటీ) ఆటో, సాయంత్రం అయ్యేసరికి 12800 దాటిపోయి ఈకల్లో డీటెయిల్ ఏమీ ఉండట్లేదు. బర్డ్ ఐ (పిట్ట కంటిని వెతికి పట్టే ఫోకస్) ఆన్‌లోనే ఉంది అయినా ఫోకస్ గడ్డిపోచల మీదకి పోతోంది. తప్పు సెట్టింగ్స్‌లో ఉందా, నేను వెళ్ళే టైములో ఉందా, అసలు నేను చేసే పద్ధతే తప్పా? నేను తీసిన చోటు ఇదీ: …

ఎడిట్: కింద రాగిచేను అక్క చెప్పాక చోటు పేరు తీసేశా.

గ్రెయిన్_గిరి
డిసెంబర్ 16, ఉదయం 7:35

బ్రో ముందు కెమెరా సంగతి చూద్దాం, అది తేలిక. 1/2500 అనవసరం. డేగలాగా దూసుకుపోయే పిట్ట కాదు ఇది, సీతాకోకచిలుక లాగా తేలుతూ మెల్లగా కొడుతుంది రెక్కలు, 1/1250 నుంచి 1/1600 చాలు, గాల్లో ఒకే చోట ఆగి కిందకి చూస్తున్నప్పుడు 1/800కి కూడా మొహం షార్ప్‌గానే వస్తుంది, రెక్క చివర కొంచెం కదిలితే కదలనీ, ప్రాణం ఉన్నట్టుంటుంది. నీ లెన్స్ 600 దగ్గర అపర్చర్ 6.3 కదా, ఆ లెక్కన 1/1600 పెట్టినా సూర్యాస్తమయం టైముకి ఐఎస్‌ఓ చాలా పెరిగిపోతుంది, ఆ తర్వాత ప్రతి నాలుగైదు నిమిషాలకీ వెలుతురు సగం అవుతూ పోతుంది. డిసెంబర్‌లో బెంగళూరులో ఆరుకి కాస్త ముందే సూర్యుడు దిగిపోతాడు, అంటే ఆరు దాటాక ఫ్లైట్ షాట్ మీద ఆశ వదిలెయ్. కళ్ళతో చూడు, బాగుంటుంది.

ఫోకస్ గడ్డి మీదకి పోవడానికి రెండు కారణాలు. ఒకటి, నువ్వు బహుశా వైడ్ ఏరియా పెట్టి ఉంటావ్, అది దగ్గరగా ఏది ఉంటే దాన్ని పట్టేస్తుంది. జోన్ లేదా మీడియం స్పాట్ ట్రాకింగ్ పెట్టు, పిట్ట దూరంగా ఉన్నప్పుడే ఒకసారి పట్టుకుని వదలకుండా రా. రెండోది, ఆ లెన్స్ పక్కన ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంది, పది మీటర్ల నుంచి ఇన్ఫినిటీ వైపు పెట్టు, ముందున్న గడ్డి మీదకి పోవడం చాలా వరకు తగ్గుతుంది. కొంచెం చీకటిగా వచ్చినా పర్లేదు అనుకుని ఐఎస్‌ఓ తగ్గించి తర్వాత ఎడిటింగ్‌లో వెలుతురు లాగకు, దాని కంటే అక్కడే కరెక్ట్‌గా ఎక్స్‌పోజ్ చేసి 6400లో తీసి డీనాయిజ్ (ఎడిటింగ్‌లో గ్రెయిన్ తగ్గించడం) చేస్తే ఈకలు నిలబడతాయి. డీనాయిజ్ కూడా మొత్తం లాగేస్తే మొహం మైనం బొమ్మలా అయిపోతుంది, సగంలో ఆపు.

ఇంకోటి, సాయంత్రం నాలుగైదింటప్పుడు నేల వేడిగా ఉంటుంది, వంద మీటర్ల అవతల పిట్టని తీస్తే గాలి అలలు అలలుగా ఊగి ఏ లెన్స్ అయినా మెత్తగానే ఇస్తుంది. సెట్టింగ్స్ తప్పేమో అని జుట్టు పీక్కుంటాం, కానీ తప్పు మధ్యలో ఉన్న గాలిది.

ఫ్లాష్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నా, చీకట్లో టార్చ్, ఫ్లాష్ రెండూ వద్దు. ఆ కంటి మీద అంత వెలుతురు కొట్టి అది ఆ తర్వాత ముళ్ళకంచె చూసుకోలేక కొట్టుకుంటే మనం ఏం చెయ్యగలం.

రాగిచేను
డిసెంబర్ 16, రాత్రి 9:50

మధూ, గిరి కెమెరా సంగతి అంతా చెప్పేశాడు, నేను పిట్ట సంగతి చెప్తా. నాది హోస్కోటె అవతల పల్లె, ఇంట్లో తెలుగే, పదకొండేళ్ళుగా గూబల వెనకే తిరుగుతున్నా.

ముందుగా ఆ చోటు పేరు తీసెయ్ తమ్ముడూ, ఇప్పుడే. దీపావళి చుట్టుపక్కల క్షుద్రపూజల పేరు చెప్పి గూబల్ని పట్టి అమ్మే వాళ్ళు దేశమంతా ఉన్నారు, వాళ్ళ సంగతి అలా ఉంచితే మనలాంటి కెమెరా వాళ్ళే ఇరవైమంది వచ్చి వాలతారు వచ్చే ఆదివారానికి. హెసరఘట్ట అని అందరికీ తెలుసు, ఆ మైదానాన్ని కన్జర్వేషన్ రిజర్వ్ (రక్షిత ప్రాంతం) చెయ్యడానికి 2024లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు ఒప్పుకోవడానికి ఎంతమంది ఎన్నేళ్ళు తిరిగారో కూడా తెలుసు, కానీ ఏ గట్టు పక్కన పడుకుంటుందో లోకానికి తెలియక్కర్లేదు. ఫోటోలో జీపీఎస్ కూడా ఉంటే తీసేసి పెట్టు.

ఇక నీ 1,400 ఫ్రేముల సంగతి. అవి వేట ఫోటోలు కావు, పారిపోతున్న ఫోటోలు. తేడా కంట్లో తెలిసిపోతుంది. వేటలో ఉన్న గూబ కళ్ళు నేల మీద ఉంటాయి, తల కిందకి వంగి ఉంటుంది, మనం ఉన్నామన్న లెక్క కూడా ఉండదు దానికి. నీ ఫోటోల్లో అది నిన్ను చూస్తోంది. నువ్వు చూడాల్సింది షటర్ స్పీడ్ కంటే ముందు అది.

నేలమీద పడుకునే పిట్టని పగలు లేపితే కాకులు చూస్తాయి, గద్దలు చూస్తాయి, నీకు జరిగిందే జరుగుతుంది. నువ్వు బాధపడ్డావ్, అది చాలు, మళ్ళీ గడ్డిలోకి నడవకు. దారి మీదే ఉండు, గట్టు ఉంటే గట్టు పక్కన కూర్చో, కారు నుంచి వీలైతే ఇంజిన్ ఆపి కార్లోంచే తియ్, కారుని అవి మనిషంతగా పట్టించుకోవు.

గూబ ఎక్కడుందా అని వెతకడం మానెయ్, ఎలుక ఎక్కడుందో వెతుకు. గడ్డిలో సన్నగా సొరంగాల్లాంటి దారులు కనిపిస్తాయి, కన్నాల దగ్గర తాజా మట్టి ఉంటుంది, కొరికి పడేసిన గడ్డి ముక్కలు ఉంటాయి. అలాంటి జాగా చూసుకుని దానికి అరవై డెబ్భై మీటర్ల దూరంలో కూర్చో. కంచె రాళ్ళ కింద బూడిదరంగులో బొటనవేలంత ఉండలు దొరుకుతాయి, అవి గూబ కక్కిన ఉండలు. ఒకటి నీళ్ళల్లో నానబెట్టి పుల్లతో విప్పి చూడు. నేను మొదటిసారి విప్పినప్పుడు బూడిదరంగు బొచ్చులో చుట్టుకుని చిన్న దవడ, దానికి నారింజ రంగులో ముందు పళ్ళు, అగ్గిపుల్ల సగమంత తొడ ఎముక, ఒక్కటి కూడా విరగలేదు. ఆ ఉండ ఉన్న రాయి మీద అది మళ్ళీ వాలుతుంది.

టైము విషయంలో నా మాట విను, సాయంత్రం వదిలి పొద్దున వెళ్ళు. కారణం చెప్తా. మన దగ్గర చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది. ఈ గూబ గాలికి ఎదురుగా ఎగురుతుంది, అప్పుడే అది మెల్లగా పోగలదు, ఆగి చూడగలదు. అంటే దాని మొహం తూర్పుకి. పొద్దున పూట నువ్వు తూర్పున కూర్చుంటే సూర్యుడు నీ వీపు మీద, గాలి నీ వీపు మీద, పిట్ట మొహం నీ వైపు, మొహం నిండా ఎండ. అదే సాయంత్రం అయితే వెలుగు దాని వీపు వైపు పడుతుంది, మొహం నల్లగా వస్తుంది. నీకు వీపులు రావడానికి ఇది కూడా ఒక కారణమే. ఆరుంపావుకల్లా కూర్చుని ఉండాలి, సూర్యుడు ఆరున్నర దాటాక వస్తాడు, ఆ తర్వాత అరగంటే నీది. మంచు ఎక్కువ పడుతుంది కాబట్టి కాళ్ళ కింద గోనెసంచి వేసుకో, ఆ తడికి నడుం పట్టేస్తుంది.

తీతువు పిట్ట అరుపు నేర్చుకో. తెల్లారుజామున అది ఊరికే అరవదు. ఏట్రింత (తోక చీలి ఉండే నల్ల పిట్ట) ఏదన్నా ఒకచోట పైనుంచి కిందకి దూకి దూకి తిడుతుంటే అక్కడ గూబ ఉన్నట్టే.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. షార్ట్ ఇయర్డ్ ఔల్ మన దగ్గర చలికాలం గడిపి మార్చికల్లా వెళ్ళిపోతుంది, దానికి ఇక్కడ గూడు లేదు. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన గూబలు ఉన్నాయి చూడు, బండల్లో ఉండే పెద్ద కొమ్ముల గూబ, చెట్టు తొర్రల్లో ఉండే పైడికంటి, వీటికి ఈ చలికాలమే గుడ్లు పెట్టే కాలం. ఆ పెద్ద గూబ అయితే గూడు కట్టదు, రాతి అరుగు మీద ఉత్త మట్టిలో పెడుతుంది గుడ్లు. క్వారీల్లో ఎక్కి ఫోటో తీద్దామని వెళ్ళేవాళ్ళని చూసి నాకు నిద్రపట్టదు. తల్లి ఒక్క అరగంట లేచిపోతే చాలు, పొద్దున ఎండకో కాకికో పోతాయి గుడ్లు. వేట ఫోటో అని మొదలుపెట్టి గూటి దగ్గర తేలకు.

మా ఊరి పక్కన ఒక పెద్దమ్మ ఉంది, డిసెంబర్‌లో రాగి కోసి కట్టలు కుప్ప వేస్తుంది. కుప్ప కింద ఎలుకలు, చుంచులు చేరతాయి. పంపు షెడ్డు మీద ఒక చావుపిట్ట (తెల్ల గూబ) జంట, కరెంటు తీగ మీద పైడికంట్లు. పోయినేడు నేను అక్కడ కూర్చుంటే వచ్చి అడిగింది, ఏం చేస్తా ఉండావు తల్లీ అని. గూబల కోసం అన్నా. భయపడతాదనుకున్నా, మన వైపు చావుపిట్ట ఇంటి మీద వాలిందంటే ఇల్లు వదిలేసేవాళ్ళు కదా. ఆమె అంది, "అవి లేకుంటే ఈ కుప్పలో పొట్టే మిగిలేది నాకి. రాత్రంతా కాపలా కాస్తా ఉండాయి, కూలీ కూడా అడగవు." తర్వాత టీ ఇచ్చింది, తాగి కూర్చున్నా, కెమెరా ఎత్తబుద్ధి కాలేదు ఆ రాత్రి. ఆ చీకట్లో తెల్లగా దిగింది, అయిదు గజాల దూరంలో, ఏ చప్పుడూ లేదు, చెంపకి గాలి మాత్రం తగిలింది.

జూమ్_600
డిసెంబర్ 17, మధ్యాహ్నం 1:20

ఇంత కష్టం ఎందుకండీ. పెట్ షాపులో తెల్ల ఎలుకలు దొరుకుతాయి, నాలుగు తీసుకెళ్ళి కురచ గడ్డి ఉన్న చోట వదిలితే పదే నిమిషాలు, కాళ్ళు చాపి మీ లెన్స్‌లోకే దిగుతుంది. పిట్టకి కూడా తిండే కదా, నష్టం ఎవరికి? ఫారిన్‌లో అందరూ ఇలాగే తీస్తారు, మీరు చూసే ఆ మంచులో గూబల ఫోటోలు సగం ఇవే.

డులూత్_నుంచి_వచ్చా
డిసెంబర్ 17, రాత్రి 10:05

ఫారిన్ మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాలి. అమెరికాలో మిన్నెసోటాలో ఆరేళ్ళు ఉన్నా, డులూత్ దగ్గర సాక్స్-జిమ్ బాగ్ అని చిత్తడి నేల ఉంటుంది, గ్రేట్ గ్రే ఔల్ (పెద్ద బూడిదరంగు గూబ) కోసం ప్రపంచమంతా అక్కడికి వస్తారు. మైనస్ పాతికలో రోడ్డు పక్కన నిలబడి చూసినవాణ్ణి. ఎలుకలు వదలడం అక్కడ జరిగేది నిజమే, అందరూ చేస్తారన్నది మాత్రం అబద్ధం, దాని మీద అక్కడ పెద్ద గొడవలే జరిగాయి, చాలా ఫోటో పోటీల్లో అలాంటి ఫోటోలు తీసుకోరు కూడా.

నష్టం ఎవరికి అన్నారు. రోడ్డు పక్కన ఎలుకలు వదిలితే గూబ రోడ్డుకి అలవాటు పడుతుంది, మనిషిని చూస్తే దగ్గరికి వస్తుంది, తక్కువ ఎత్తులో రోడ్డు దాటుతుంది, ఒక రోజు ట్రక్కు వస్తుంది. షాపు ఎలుకలకి ఏ జబ్బులుంటాయో కూడా మనకి తెలియదు. ఇక్కడ మన దేశంలో అయితే ఇంకో మాట కూడా ఉంది, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే ఎర వెయ్యడం కూడా ఉంది, గూళ్ళనీ గుడ్లనీ కదిలించడం కూడా. తుపాకీ ఒక్కటే వేట కాదు.

ఎర ఫోటోని చూడగానే పట్టెయ్యొచ్చు, గూబ సూటిగా కెమెరా మీదకి వస్తుంటుంది, కళ్ళు మాత్రం కెమెరా ముందు ఒక జానెడు కింద ఎక్కడో ఉంటాయి. నిజమైన వేట అలా ఉండదు. గ్రేట్ గ్రే ఔల్ అడుగున్నర మంచు కింద నడిచే ఎలుకని చెవులతో వింటుంది. కొమ్మ మీద కూర్చుని తల అటో అంగుళం ఇటో అంగుళం తిప్పుతుంది, మొహమే ఒక డిష్ లాంటిది, తర్వాత ఎగిరి వచ్చి ఆ చోటికి సరిగ్గా నిట్టనిలువుగా పైన ఆగుతుంది. ఎందుకు అలా ఆగుతుందో 2022లో ఒక పరిశోధన వచ్చింది, మంచు శబ్దాన్ని వంచేస్తుందట, పక్క నుంచి వింటే ఎలుక ఒకచోట ఉంటే ఇంకోచోట ఉన్నట్టు వినిపిస్తుంది, నేరుగా పైన ఉంటేనే ఆ మోసం తగ్గుతుంది. ఆ ఆగడాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు నా ముందు ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. ఆ తర్వాత మొహం ముందుగా పడిపోతుంది, చివర్లో కాళ్ళు ముందుకొస్తాయి. మంచులో గుంట, దానికి రెండు వైపులా రెక్కల అచ్చు, ఒక్కో ఈక గీత కనిపిస్తుంది. అది నేను ఎన్ని నెలల తర్వాత చూశానో తెలుసా, మూడో చలికాలం. 2004-05లో అయితే కెనడాలో ఎలుకలు తగ్గిపోయి ఐదు వేలకి పైగా గూబలు దిగాయట మిన్నెసోటాకి, ఆ ఏడు అక్కడ ఉన్న పెద్దవాళ్ళు ఇప్పటికీ దాని గురించే చెప్పుకుంటారు. ఎలుక ఉన్న చోటికే గూబ, పైన అక్క చెప్పింది అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

మధు గారూ, హెసరఘట్టలో అక్కడిలా మంచు పేరుకోదు, గడ్డి ఉంది. మీ గూబ కూడా అలాగే ఒక్క క్షణం ఆగుతుంది దిగే ముందు. మీ వేలు ఆ ఆగడం కోసం ఎదురు చూడాలి, దిగడం మొదలయ్యాక నొక్కితే అప్పటికే గడ్డిలో ఉంటుంది.

గోదారి_గట్టు
డిసెంబర్ 18, ఉదయం 6:20

నాకు ఫోటోలు రావు, రైతు బిడ్డని, ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. రాగిచేను గారి పోస్టు చదివి రాస్తున్నా. మా వైపు దాళ్వా నాట్లప్పుడు పొలంలో టీ ఆకారంలో కర్రలు పాతుతారు, పక్షి స్థావరాలు అంటారు, పగలు ఏట్రింతలు పురుగుల కోసం, రాత్రి గూబలు ఎలుకల కోసం వాలతాయని. మా నాన్న ఆ కర్రల మీద గూబ వాలితే మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ లెక్క చెప్పేవాడు, నిన్న రెండొచ్చాయి అని. పక్క చేలో మాత్రం బ్రోమాడియోలోన్ మందు పెట్టేవాళ్ళు కన్నాల్లో. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నాలుగు రోజులు మత్తుగా బయట తిరుగుతుంది, గూబకి అదే తేలికగా దొరుకుతుంది, ఆ మందు గూబ ఒంట్లోకి పోతుంది. ఒక సంక్రాంతికి గట్టు మీద చావుపిట్ట పడి ఉంటే నేనే తీశా. బరువే లేదు, ఇంత పెద్ద పిట్ట గుప్పెడు దూది లాగా ఉంది.

మీరు ఫోటోలు తీసే చోట పక్క చేలల్లో ఏం మందు పెడుతున్నారో ఒక మాట అడగండి. మీ కెమెరా చూసి రైతులు మాట్లాడతారు, బుట్టలు పెట్టి పట్టొచ్చు కదా అని చెప్పండి. నేను చెప్తే ఎవరు వింటారు, ఫోటో చూపిస్తే వింటారేమో.

తెనాలి_మధు
డిసెంబర్ 18, రాత్రి 11:45

అక్కా చోటు పేరు తీసేశా. అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, రెండుసార్లు చదివా. జూమ్ గారూ, ఎలుకలు నేను వదలను. చివరికి నా ఫోటోలో అది నేను పెట్టిన ముద్ద తింటుంటే ఇంక నేను చూసింది ఏముంది.

ఒక్క డౌట్. ఇంటి దగ్గర ప్రాక్టీస్‌కి ఏమన్నా ఉందా? అపార్ట్‌మెంట్ వెనక రోడ్డులో వీధి దీపం మీద ఒక చిన్న గూబ కూర్చుంటుంది.

రాగిచేను
డిసెంబర్ 19, ఉదయం 5:55

అదే పైడికంటి. దాన్ని మించిన బడి లేదు నీకు. దీపం చుట్టూ తిరిగే పురుగుల్ని పడుతుంది, ఒక పురుగుని పట్టి మళ్ళీ అదే స్తంభం మీదకి వస్తుంది, కాబట్టి ఎగిరే ముందు ఏం చేస్తుందో గమనించు, తల మూడుసార్లు పైకీ కిందకీ ఊపుతుంది, ఒంగుతుంది, అప్పుడు దూకుతుంది. దీపం వెలుగులోనే తియ్, వాలి ఉన్నప్పుడు 1/125 చాలు. ఓ పది రాత్రులు చూడు, నీ వేలికి అలవాటవుతుంది. దాని అరుపు ఫోన్‌లో పెట్టి మాత్రం పిలవకు, జంట గుడ్ల మీద ఉండే కాలం, ఇంకోటి వచ్చిందని అనుకుని గూడు వదిలి వస్తుంది.

తెనాలి_మధు
జనవరి 12, మధ్యాహ్నం 2:30

వచ్చింది అక్కా.

వీధి దీపం కింద పన్నెండు రాత్రులు నిలబడ్డా. వాచ్‌మన్ అన్న మొదట్లో అనుమానంగా చూశాడు, ఇప్పుడు అది రాకపోతే ఆయనే ఫోన్ చేసి చెప్తున్నాడు. ఆ తల ఊపడం లెక్కపెట్టడం వచ్చేసింది.

మైదానానికి ఈ నెలలో మూడుసార్లు వెళ్ళా, పొద్దునే, మారతహళ్ళిలో నాలుగున్నరకి బయల్దేరి. మొదటి రెండుసార్లు ఏమీ రాలేదు, హారియర్లు లేచి వెళ్ళడం చూశా అంతే. నిన్న గట్టు పక్కన గోనెసంచి మీద కూర్చున్నా, వీపుకి చలిగాలి కొడుతోంది, బూట్లు మొత్తం తడిసిపోయాయి. ఆరు యాభైకి తీతువు పిట్ట అరిచింది ఎడమ వైపు. తల తిప్పలేదు, కళ్ళే తిప్పా. గడ్డి మీద నడుమెత్తులో వస్తోంది, నాలుగు కొట్లు, ఒక జారుడు, మళ్ళీ నాలుగు కొట్లు. ఎనభై మీటర్లు, డెబ్భై. అక్కడ ఆగింది. మొహం కిందకి, రెక్కలు రెండూ పైకి లేచాయి, ఎండ మొహం నిండా పడింది, పసుపు కళ్ళు గడ్డిలో ఒక చోట అతుక్కుపోయాయి. నేను ఉన్నట్టే లేదు దానికి. నొక్కా.

1/1600, ఐఎస్‌ఓ 2000. పదకొండు ఫ్రేములు, అందులో మూడు షార్ప్. కాళ్ళు చాపిన ఫ్రేములో ఒక గడ్డిపోచ సరిగ్గా కుడి కన్ను పక్కనుంచి పోయింది, దాన్ని ఎడిటింగ్‌లో తీయట్లేదు, అక్కడ ఉంది కాబట్టి ఉంటుంది. తర్వాత గూబ ఎలుకని పట్టుకుని ఎగిరి కంచె రాయి మీద వాలి మొత్తం మింగేసింది, ఓ పావుగంట కళ్ళు సగం మూసి కూర్చుంది. నేను కదల్లేదు. అది తనంతట తను లేచి వెళ్ళాకే లేచా, కాళ్ళు తిమ్మిరెక్కి రెండు నిమిషాలు నిలబడలేకపోయా.

అమ్మకి పంపిస్తే ముందు "పొద్దున్నే గూబ ఫోటో ఎందుకురా" అంది, అరగంట తర్వాత మళ్ళీ ఫోన్ చేసి "దాని కాళ్ళలో ఏముంది, ఎలుకేనా" అని అడిగింది. ఎలుకే అన్నా. గోదారి_గట్టు గారూ, పక్క చేను ఆయనతో మాట్లాడా, ఈ ఏడు మందు పెట్టలేదట, ఫోటో ఫోన్‌లో చూపిస్తే నాకూ పంపు అని నంబర్ ఇచ్చాడు.

రాగిచేను
జనవరి 12, సాయంత్రం 6:40

రెండో ఫ్రేము పెద్దది చేసి చూశా. మామూలు ఎలుక కాదది, తోక చివర కుచ్చు చూడు, పెద్ద కళ్ళు, పొడుగాటి వెనక కాళ్ళు, అది జెర్బిల్, పొడి నేలల్లో కన్నాలు చేసుకుని రాత్రిపూట తిరుగుతుంది. అంటే నువ్వు కూర్చున్న చోటికి దగ్గర్లోనే గుల్లగా ఉన్న నేల ఒకటి ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు దూరం నుంచి బైనాక్యులర్‌తో వెతుకు.

ఆదివారం వీలైతే మా వైపు రా. పెద్దమ్మ కుప్ప ఇంకా నూర్చలేదు. అనపకాయలు కూడా ఉన్నాయి చేలో.